సెర్బుల చరిత్ర సెర్బియా బయట ఎందుకు దాచారు? నోవి సాద్ మ్యూజియం వెనక కథ

సెర్బుల చరిత్రనీ కళనీ ఒకచోట చేర్చిన పెద్ద సేకరణల్లో ఒకటి మొదలైంది సెర్బియాలో కాదు. 1847లో, పెష్త్‌లో, అంటే ఇప్పటి బుడాపెస్ట్‌లో. 1864లో దాన్ని నడిపే సంస్థ నోవి సాద్ అనే ఊరికి మారింది, కానీ అప్పటికి ఆ ఊరు కూడా సెర్బియాలో లేదు, ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. ఇంకో యాభై నాలుగేళ్లకి, 1918లో, పెట్టెలు ఎక్కడివక్కడే ఉండగా సరిహద్దే జరిగి వాటిని దాటిపోయింది. ఇవాళ ఆ సేకరణలో ఒక పెద్ద భాగం నోవి సాద్‌లోని వోయ్‌వోదినా మ్యూజియంలో ఉంది, గీసిన బొమ్మలు ఆ దగ్గర్లోనే ఇంకో గ్యాలరీలో ఉన్నాయి. బయటి నుంచి చూస్తే ఇదొక మామూలు ప్రాంతీయ మ్యూజియం: కుండపెంకులు, నాణేలు, పాత బట్టలు. కానీ ఇక్కడ "మన చరిత్ర" అంటే ఎవరిది అనే ప్రశ్నకి ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పింది, ఆ జవాబులన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. అది తెలీకుండా లోపలికి వెళ్తే గాజు పెట్టెలు తప్ప ఏమీ కనపడవు.

ముందు భూగోళం కొంచెం సర్దుకుందాం. మ్యాపులో సెర్బియాని చూస్తే బెల్‌గ్రేడ్ దగ్గర సావా నది వచ్చి డాన్యూబ్‌లో కలుస్తుంది. ఆ రెండు నదులకీ ఉత్తరాన ఉన్న చదునైన నల్లరేగడి మైదానమే వోయ్‌వోదినా. అందులో మూడు ముక్కలు: బాచ్‌కా, బనాత్, స్రెమ్. నదులకి దక్షిణాన ఉన్న సెర్బియా కొన్ని వందల ఏళ్లు ఒట్టోమన్ సుల్తానుల కింద ఉంది, బెల్‌గ్రేడ్ కోటలోంచి ఆఖరి టర్కీ దండు వెళ్లిపోయింది 1867లో. ఉత్తరాన ఉన్న ఈ మైదానాన్ని మాత్రం 1699 కార్లోవిట్జ్ సంధితోనూ, ఆ తర్వాతి యుద్ధంతోనూ ఆస్ట్రియా తీసేసుకుంది. అంటే ఒకే జాతి, మధ్యలో నది, అటు ఒక సామ్రాజ్యం, ఇటు ఇంకోటి. చదువు, అచ్చు పుస్తకాలు, నూనెరంగుల బొమ్మలు, వర్తకంలో డబ్బు ఇవన్నీ ముందు ఇటువైపు వచ్చాయి. అందుకే 19వ శతాబ్దంలో నోవి సాద్‌ని "సెర్బుల ఏథెన్స్" అనేవాళ్లు. పొగడ్త కాస్త ఎక్కువే అనిపించొచ్చు, కానీ 1861లో సెర్బియన్ నేషనల్ థియేటర్ మొదలైంది ఇక్కడే, తర్వాత ఆ సేకరణని నడిపే సంస్థ మాతిత్సా వచ్చి చేరింది ఇక్కడికే.

మరి సెర్బులు నదికి ఇటువైపు ఎలా వచ్చారు? చాలామంది ముందునుంచీ ఉన్నారు. కానీ జాతి జ్ఞాపకంలో నిలిచిపోయింది మాత్రం 1690. ఆస్ట్రియా సైన్యం టర్కీ మీద యుద్ధం చేస్తూ బాల్కన్ల లోపలికి చాలా దూరం వెళ్లింది, అక్కడి సెర్బులు దానితో చేయి కలిపారు. తర్వాత యుద్ధం అడ్డం తిరిగి ఆస్ట్రియా సైన్యం వెనక్కొచ్చేసింది, చేయి కలిపినవాళ్లకి అక్కడ ఉండే దారి లేదు. సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చి పెద్ద, పాట్రియార్క్ ఆర్సెనియె చార్నోయెవిచ్, జనాన్ని వెంటబెట్టుకుని ఉత్తరానికి నడిచాడు. ఎంతమంది? సంప్రదాయం చెప్పే లెక్క 37,000 కుటుంబాలు. పాట్రియార్క్ రాతల్లో కనిపించే లెక్క 30,000 పైచిలుకు ప్రాణాలు. కుటుంబాలకీ ప్రాణాలకీ ఎంత తేడానో చెప్పక్కర్లేదు. ఇప్పటి చరిత్రకారుల్లో ఎక్కువమంది చిన్న అంకె వైపే ఉన్నారు.

ఆ ఏడాదే చక్రవర్తి లియొపోల్డ్ వాళ్లకి హక్కుపత్రాలు ఇచ్చాడు: మతం మీవాళ్ల చేతిలోనే, మీ ఆర్చ్‌బిషప్‌ని మీరే ఎన్నుకోండి అని. దీన్ని దయ అనుకోకూడదు. టర్కీ సరిహద్దు పొడవునా కాపలా కాసేవాళ్లు కావాలి, భూమి ఇచ్చి కత్తి పట్టించారు. తర్వాత రెండు వందల ఏళ్ల పాటు వియన్నాలోని చక్రవర్తితో, బుడాపెస్ట్‌లోని హంగరీ ప్రభుత్వంతో గొడవ వచ్చిన ప్రతిసారీ సెర్బులు బయటికి తీసింది ఆ హక్కుపత్రాలనే. "మేం ఒట్టి చేతులతో పరిగెత్తుకొచ్చినవాళ్లం కాదు, పిలిస్తే వచ్చినవాళ్లం" అన్నది వాళ్ల వాదన. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఒక బొమ్మ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

రాజ్యం లేని జనానికి మ్యూజియం ఎవరు పెడతారు? ఇక్కడ వర్తకులు పెట్టారు. 1826లో పెష్త్‌లో కొందరు సెర్బ్ వ్యాపారులూ యోవాన్ హాజిచ్ అనే యువ లాయరూ కలిసి మాతిత్సా సర్ప్‌స్కా అనే సంస్థ మొదలుపెట్టారు, పుస్తకాలు అచ్చేయడం, పత్రిక నడపడం దాని పని. ఆ పత్రిక "లెతోపిస్" అప్పటికే రెండేళ్ల ముందు మొదలై మూతపడే స్థితిలో ఉంటే దాన్ని వీళ్లు ఎత్తుకున్నారు, ఇవాళ్టికీ వస్తోంది. తర్వాత సావా తెకెలియా అనే జమీందారు, చదువుకున్న పెద్దమనిషి, సంస్థకి అండగా నిలబడి తన ఆస్తి సెర్బ్ విద్యార్థుల కోసం రాసిపెట్టాడు. 1847లో తెయొదోర్ పావ్లోవిచ్ చొరవతో "సెర్బ్ జాతీయ సేకరణ, లేక మ్యూజియం" అన్నది కాగితం మీదికొచ్చింది. బెల్‌గ్రేడ్‌లో నేషనల్ మ్యూజియం అంతకు మూడేళ్ల ముందే, 1844లో పుట్టింది. తేడా ఏమిటంటే అది ఒక ప్రభుత్వం పెట్టుకున్నది, ఇది చందాలతో నడిచే ఒక సంఘం పెట్టుకున్నది. సంఘానికి పోలీసు లేడు, పన్ను లేదు, సొంత భూమి లేదు. "మేమొక జాతి" అని రుజువు చేయడానికి ఉన్నదల్లా వస్తువులే. అందుకే మొదట్లో పోగైనవి ఎక్కువగా ప్రముఖుల చిత్రాలు, నాణేలు, పాత చేతిరాతలు.

పోగయ్యాయి గానీ జనానికి చూపించడానికి చాలా కాలం పట్టింది. నోవి సాద్‌లో మాతిత్సా మ్యూజియం తలుపులు అందరికీ తెరిచింది 1933లో. మొదలైన 86 ఏళ్లకి!

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కొత్త యుగోస్లావియాలో లెక్క మారింది. 1947లో వోయ్‌వోదినా మ్యూజియం అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది, మాతిత్సా దగ్గరున్న పురావస్తువులు, జానపద వస్తువులు దీనికి వచ్చాయి, బొమ్మలు మాతిత్సా సర్ప్‌స్కా గ్యాలరీ పేరుతో వేరుగా ఉండిపోయాయి, పుస్తకాలు లైబ్రరీకి. ఉమ్మడి కుటుంబం వేరుపడ్డాక అన్నదమ్ములు ఒకే వీధిలో వేరే ఇళ్లల్లో ఉన్నట్టు, మూడూ నడిచిపోయేంత దూరంలోనే ఉన్నాయి. పర్యాటకులు ఒకదానికి వెళ్లి అదే మొత్తం అనుకుని వచ్చేయడం అందుకే.

ఈ మార్పులో అసలు సంగతి వస్తువుల పంపకం కాదు. పేరు. "సెర్బ్" అనే మాట పోయి "వోయ్‌వోదినా" అనే మాట వచ్చింది. అంటే జాతి మ్యూజియం కాస్తా నేల మ్యూజియం అయింది. ఇవాళ్టికీ ఈ రాష్ట్రంలో ఆరు అధికార భాషలున్నాయి: సెర్బియన్, హంగేరియన్, స్లొవాక్, రొమేనియన్, క్రొయేషియన్, రూసిన్. పాతిక పైచిలుకు జాతులవాళ్లు ఉన్నారు. ఆ నేల మీద దొరికినదంతా మనదే అన్నది కొత్త సూత్రం. కాబట్టి రాతియుగం ఎముక దగ్గర్నుంచి స్లొవాక్ పెళ్లికూతురి బట్టల దాకా అన్నిటికీ చోటు దొరికింది.

అది చాలదన్నట్టు పక్కనే ఇంకోటి లేచింది. దునావ్‌స్కా వీధిలో 35వ నంబరు భవనం 19వ శతాబ్దం చివర్లో కోర్టు కోసం కట్టింది, పాత పద్ధతి, ఎత్తైన కిటికీలు. దాని పక్కన 37లో జాగ్రెబ్ వాస్తుశిల్పి ఇవాన్ వితిచ్ గీసిన ఆధునిక భవనం, 1972లో విప్లవ మ్యూజియం కోసం తెరిచారు: కార్మికోద్యమం, నాజీల మీద పోరాడిన కమ్యూనిస్టు గెరిల్లాలు పార్టిజాన్ల యుద్ధం, వాళ్ల నాయకుడూ తర్వాత యుగోస్లావియాని ఏలినవాడూ అయిన టిటో. నెహ్రూ 1961లో బెల్‌గ్రేడ్ అలీన దేశాల సభకి వెళ్లిన రోజులు గుర్తున్నవాళ్లకి ఆ యుగోస్లావియా ధీమా తెలుస్తుంది. తర్వాత ఇరవై ఏళ్లకే అంతా తిరగబడింది. 1988 అక్టోబరులో సెర్బియా నాయకుడు మిలోషెవిచ్ మద్దతుదారులు నోవి సాద్‌లో ప్రాంతీయ ప్రభుత్వ భవనం మీదికి పెరుగు ప్యాకెట్లు విసిరి నాయకత్వాన్ని దించేశారు (దీన్ని అక్కడ నిజంగానే "యోగర్ట్ విప్లవం" అంటారు), వోయ్‌వోదినా స్వయంప్రతిపత్తి చాలావరకు పోయింది, దేశం ముక్కలైంది. 1992లో విప్లవ మ్యూజియం వారసత్వాన్ని వోయ్‌వోదినా మ్యూజియంలో కలిపేశారు. ఇప్పుడు 37వ నంబరులో సమకాలీన కళల మ్యూజియం కూడా ఉంటోంది. రెండు పక్కపక్క భవనాలు చూస్తే చాలు, ఏ దశాబ్దంలో ఎవరు చరిత్ర చెప్పారో గోడలే చెప్పేస్తాయి.

ఇక లోపల. నన్నడిగితే ఇక్కడికి వెళ్లాల్సింది మూడు శిరస్త్రాణాల కోసం. 4వ శతాబ్దపు రోమన్లవి. రెండు బెర్కసోవో అనే ఊళ్లో 1955లో బయటపడ్డాయి, షిద్ పట్నం దగ్గర. మూడోది యారక్‌లో దొరికింది. ఇనుప తొడుగు మీద బంగారు పూత పోసిన వెండిరేకు అంటించి చేశారు. ఇనుము తుప్పుపట్టి పోయింది, రేకు మిగిలింది. దగ్గరికెళ్లి చూస్తే నిర్మాణం తెలుస్తుంది: కపాలానికి రెండు అర్ధభాగాలు, వాటిని కలుపుతూ నుదుటి నుంచి మెడ దాకా నిలువునా ఒక గట్టు, చెంపలకి వెడల్పాటి రేకులు, మెడ వెనక వేరే పలక, ముక్కు మీదికి ఒక కవచం. బెర్కసోవోలో దొరికిన రెండిట్లో ఘనమైనదాని మీద పచ్చలూ రాళ్లూ పొదిగినట్టు ఉంటుంది, కానీ అవి రాళ్లు కాదు, రంగు గాజు. బంగారం పూత, రాళ్లు గాజు. అయినా దూరం నుంచి సూర్యుడి వెలుగులో గుర్రం మీద వస్తుంటే చూసేవాడి గుండె ఆగిపోవాలి, దాని పని అదే. ఈ తరహా శిరస్త్రాణాల్ని ప్రపంచమంతా పురావస్తు పుస్తకాల్లో "బెర్కసోవో రకం" అనే పిలుస్తారు. మూలం మాత్రం పర్షియా వైపు అంటారు: తూర్పు సరిహద్దులో ససానియన్లతో తలపడి వాళ్ల తలకట్టు చూసి రోమన్లు నేర్చుకున్నది.

ఇలాంటివి ఈ మారుమూల ఎందుకున్నాయంటే, ఇది అప్పుడు మారుమూల కాదు. ఇప్పటి స్రెమ్‌స్కా మిత్రోవిత్సా పట్నం కిందున్న సిర్మియం, ఆ కాలంలో రోమన్ సామ్రాజ్యపు నాలుగు రాజధానుల్లో ఒకటి. డాన్యూబ్ సామ్రాజ్యానికి హద్దు, చక్రవర్తులు ఇక్కడే మకాం వేసి సైన్యాన్ని నడిపేవాళ్లు.

మరి స్లావులు ఈ ప్రాంతానికి వచ్చిందే 6, 7 శతాబ్దాల్లో అయినప్పుడు, ఈ శిరస్త్రాణాలు సెర్బుల వారసత్వం ఎలా అవుతాయి? 1847 సూత్రం ప్రకారం కావు. 1947 సూత్రం ప్రకారం అవుతాయి. మ్యూజియంలో అన్నిటికంటే గొప్ప వస్తువు, ఆ మ్యూజియం మొదలెట్టినవాళ్ల లెక్కలో అసలు ఇమడదు! ఇది లోపం అని నేననను. ప్రాంతీయ మ్యూజియం చేయగలిగిందీ జాతీయ మ్యూజియం చేయలేనిదీ ఇదే.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే 1918 దగ్గర. యుద్ధం అయిపోయి ఆస్ట్రియా-హంగరీ కూలిపోయింది, సెర్బియా సైన్యం నోవి సాద్‌లోకి వచ్చింది, నవంబరు 25న ఒక మహాసభ జరిగి బనాత్, బాచ్‌కా, వాటి పక్కనున్న బరన్యా ప్రాంతాలు సెర్బియాలో కలుస్తున్నాయని తీర్మానించింది. ఈ మధ్య ఆ సంఘటనకి మ్యూజియంలో భాగంగా ప్రత్యేకంగా ఒక ప్రదర్శన కూడా పెట్టారు. గర్వించదగ్గ విషయమే, సెర్బులకి. సభకి వచ్చిన ప్రతినిధులు 757 మంది. అందులో సెర్బులు 578, బున్యెవ్‌ట్సీ 84, స్లొవాక్‌లు 62, రూసిన్లు 21, షొక్‌ట్సీ ముగ్గురు (బున్యెవ్‌ట్సీ, షొక్‌ట్సీ అంటే క్యాథలిక్ స్లావ్ జాతులు), క్రొయేషియన్లు ఇద్దరు. జర్మన్లు ఆరుగురు. హంగేరియన్ ఒకే ఒక్కడు. ఆ రోజుల్లో ఆ నేల మీద హంగేరియన్లూ జర్మన్లూ కలిస్తే దాదాపు సగం జనాభా, సెర్బులు మూడో వంతు. సగం జనానికి ఏడుగురు. అలాగని సభ బూటకం అనేస్తే కూడా సరిపోదు. అంతకు ముందు హంగరీ పార్లమెంటులో ఈ చిన్న జాతులకి దక్కిన చోటూ అంతంత మాత్రమే, స్లొవాక్‌లూ రూసిన్లూ బలవంతం మీద వచ్చినట్టు దాఖలా లేదు, మహిళా ప్రతినిధులు కూడా ఏడుగురు కూర్చున్నారు, ఐరోపాలో చాలా దేశాల్లో ఆడవాళ్లకి ఓటే లేని రోజుల్లో. రెండు వైపులా నిజం ఉంది. ఒక్క వైపే రాసిన బోర్డు చరిత్ర కాదు, ప్రకటన.

ఇప్పుడు ఆ బొమ్మ దగ్గరికి. దీని కోసం నోవి సాద్ వదిలి బెల్‌గ్రేడ్ పక్కనున్న పాంచెవో వెళ్లాలి, అక్కడి నేషనల్ మ్యూజియంలో ఉంది. పాయా యొవానోవిచ్ గీసిన "సెర్బుల వలస". 1896లో హంగరీ, హంగేరియన్లు ఆ నేలకి వచ్చి వెయ్యేళ్లయిందని, పండగ బుడాపెస్ట్‌లో ఘనంగా చేసుకుంటోంది, దానికి ప్రతి జాతీ ఏదో ఒకటి పంపాలి. సెర్బియన్ చర్చి తరఫున పాట్రియార్క్ గెయొర్గియె బ్రాంకోవిచ్, 1690 వలస మీద పెద్ద బొమ్మ గీయమని యొవానోవిచ్‌కి పని అప్పజెప్పాడు. చిత్రకారుడు కళ్లకి కట్టినట్టు గీశాడు: మధ్యలో గుర్రం మీద పాట్రియార్క్ ఆర్సెనియె, చుట్టూ ఆయుధాలతో యోధులు, వెనక ఎడతెగని జనం, బండి మీద పసిబిడ్డతో తల్లి, ఒక పక్క గొర్రెల మంద. పాట్రియార్క్‌కి నచ్చలేదు. గొర్రెలేమిటి, బిడ్డలేమిటి? ఇది చూస్తే ప్రాణభయంతో పారిపోతున్నవాళ్లలా ఉన్నారు, మేం వచ్చింది చక్రవర్తి పిలుపు మీద, సైన్యంగా. ముందు చెప్పిన హక్కుపత్రాల వాదన గుర్తుందా, అదే ఇది. కాందిశీకుడికి పెట్టింది తినాలి, పిలిచి తెచ్చుకున్న సైనికుడికి ఒప్పందం ఉంటుంది. రెండు వందల ఏళ్ల రాజకీయం అంతా ఒక గొర్రెల మంద మీద ఆధారపడిపోయింది.

యొవానోవిచ్ మారుమాట్లాడకుండా ఇంకో బొమ్మ గీశాడు. గొర్రెలు పోయాయి, తల్లీబిడ్డా పోయారు, వాళ్ల చోట్లోకి ఇంకొందరు యోధులు వచ్చారు. ఆ రెండోది చర్చికి వెళ్లింది, ఇప్పుడు బెల్‌గ్రేడ్‌లో పాట్రియార్కేట్ భవనంలో ఉంది. మొదటిది, గొర్రెలున్నది, పాంచెవోలో మిగిలింది. నాకు మొదటిదే గొప్పదనిపిస్తుంది, గొర్రెలు ఉన్నందుకు కాదు, ఆ ఆర్డర్ ఇచ్చినవాళ్లు ఏం దాచాలనుకున్నారో అది బయటపెట్టేస్తుంది కనుక. మ్యూజియాల్లో ఇంత తేటగా చరిత్ర దిద్దుబాటు జరిగిన చోటు ఇంకోటి చూపించడం కష్టం.

ఇదే పండగకి ఇదే చిత్రకారుడు ఇంకో బొమ్మా గీశాడని చెప్తే కథ పూర్తవుతుంది. ఆయన సొంతూరు వర్షాత్స్, రొమేనియా సరిహద్దు దగ్గర ద్రాక్షతోటల పట్నం. ఆ ఊరి పాలకమండలి అడిగితే మూడు పలకల బొమ్మ గీసిచ్చాడు: కోతలు, సంత, ద్రాక్షకోత. అందులో సెర్బులూ, జర్మన్లూ, హంగేరియన్లూ పక్కపక్కనే పనిచేసుకుంటూ బేరాలాడుకుంటూ ఉంటారు. అది వర్షాత్స్ మ్యూజియంలో ఉంది. చర్చి అడిగితే జాతి, ఊరు అడిగితే ఇరుగుపొరుగు. చేయి ఒకటే.

ఆ సంతలోని జర్మన్లు ఇప్పుడు లేరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వోయ్‌వోదినాలో మూడు లక్షలకి పైగా జర్మన్లు ఉండేవాళ్లు. 1944 చివర్లో సగానికి పైగా నాజీ సైన్యంతో పాటు వెళ్లిపోయారు, మిగిలినవాళ్లని శిబిరాల్లో పెట్టారు, వేల మంది అందులోనే చనిపోయారు. ఖాళీ అయిన ఇళ్లల్లోకి బోస్నియా, మాంటెనెగ్రో, క్రొయేషియా కొండల్లోంచి రెండు లక్షల పైచిలుకు జనాన్ని రైళ్లలో తెచ్చి దింపారు. దానికి ముందు, 1942 జనవరిలో, హంగేరియన్ ఆక్రమణ సైన్యం నోవి సాద్‌లో మూడు రోజుల్లో వెయ్యిమందికి పైగా యూదుల్నీ సెర్బుల్నీ చంపి డాన్యూబ్ మంచులో రంధ్రాలు చేసి శవాల్ని తోసేసింది. నది ఒడ్డున దానికి స్మారకం ఉంది. యూదుల్లో మిగిలినవాళ్లని 1944లో ఆష్విట్జ్‌కి తరలించారు.

ప్రాంతీయ మ్యూజియానికి ఇక్కడే అసలు పరీక్ష. జర్మన్ రైతు ఇంటి అలమర, యూదు వర్తకుడి వెండి సామాను, ఇవి "మన నేల వారసత్వం" కింద పెట్టెలో పెట్టడం తేలిక. అవి ఇక్కడికి ఎలా వచ్చాయో కింద కాగితం మీద రాయడం కష్టం. జానపద వస్తువుల గదుల్లో రంగురంగుల దుస్తులు వరసగా నిలబెట్టి "అందరం కలిసి ఉన్నాం" అనిపించడం ప్రపంచంలో అన్ని మ్యూజియాలకీ ఉన్న జబ్బే. కలిసి ఉన్నారన్నది నిజం. ఒకరినొకరు తరిమేశారన్నదీ నిజం. చూడటానికి వెళ్లేవాళ్లు ప్రతి బట్ట దగ్గరా ఒక చిన్న ప్రశ్న వేసుకుంటే చాలు: ఇది వేసుకున్నవాళ్ల మనవలు ఇప్పుడు ఏ దేశంలో ఉన్నారు?

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. బెల్‌గ్రేడ్ నుంచి నోవి సాద్‌కి ఇప్పుడు వేగం రైలు ఉంది, గంట కూడా పట్టదు. ముందు దునావ్‌స్కా వీధిలో శిరస్త్రాణాలు చూసి, అక్కడి నుంచి మాతిత్సా గ్యాలరీకి నడవండి, 18వ శతాబ్దం గదుల్లో ఎక్కువసేపు ఉండండి: బైజాంటైన్ పద్ధతి, అంటే పాత ఆర్థడాక్స్ చర్చి శైలి దేవుళ్ల బొమ్మలు రెండు తరాల్లో పశ్చిమ ఐరోపా ఆడంబర శైలి అయిన బరోక్ వైపు ఎలా తిరిగాయో, తెయొదోర్ క్రాచున్ లాంటివాళ్ల చేతుల్లో సాధువుల ముఖాలకి కండా రక్తమూ ఎలా వచ్చాయో అక్కడ తెలుస్తుంది. నదికి అవతల పెత్రోవరదిన్ కోట ఎలాగూ అందరూ చూస్తారు. 1849 జూన్‌లో ఆ కోటలోంచి పేల్చిన ఫిరంగులే నోవి సాద్‌లో మూడింట రెండొంతుల ఇళ్లని కాల్చేశాయని తెలిసి చూస్తే, ఈ ఊళ్లో అంతకంటే పాత భవనాలు ఎందుకు తక్కువో వేరే చెప్పక్కర్లేదు. పాంచెవోని మాత్రం బెల్‌గ్రేడ్ నుంచే విడిగా పెట్టుకోండి, సగం పూట చాలు. గొర్రెలు కాన్వాస్ మీద ఏ మూల ఉన్నాయో మీరే వెతుక్కోండి.